వినపడనప్పుడు వినిపించినవి

నాకు వినికిడి తగ్గుతోందని మా ఇంట్లో అందరికన్నా చివర తెలుసుకున్నది నేనే. మా ఆయనకి ముందే తెలుసు, మా అమ్మాయికి తెలుసు, బళ్లో నా తొమ్మిదో తరగతి పిల్లలకైతే బాగా తెలుసు. ఎవరూ నాతో అనలేదు. అన్నారేమో, నాకు వినపడలేదేమో, అది కూడా ఇప్పుడు చెప్పలేను.

ఇలాంటిది ఇంట్లో ఒకరికి మొదలైతే దాన్ని చెవి జబ్బు అనే అనుకుంటారు. నేనూ అలాగే అనుకున్నాను. కానీ నా విషయంలో అది చెవి దగ్గర ఆగలేదు. ఎక్కడిదాకా పోయిందో చెప్పడానికే ఇది రాస్తున్నాను. రాస్తుంటే మనసు కూడా కాస్త కుదురుగా ఉంటోంది.

నా పేరు కరుణ. మాది ఆగిరిపల్లి దగ్గర ఒక ఊరు. నూజివీడులో ఒక ప్రైవేటు స్కూల్లో చాలా ఏళ్లు లెక్కలు చెప్పాను. మా ఆయన ఆనందరావు మామిడి తోటలు కౌలుకి తీసుకుని కాపు అమ్ముతారు. మా అమ్మాయి జాయిస్ విజయవాడలో డిగ్రీ చదువుతూ రోజూ బస్సులో వెళ్లొస్తుంది.

పోయినేడాది వర్షాలు తగ్గుముఖం పడుతున్న రోజుల్లో నాకు జ్వరం వచ్చింది. అందరికీ వచ్చిన జ్వరమే. అందరికీ తగ్గినట్టే తగ్గింది. చెవుల్లో దిబ్బడ మాత్రం మిగిలిపోయింది. జలుబు వల్ల అనుకున్నాను. దసరా సెలవుల తర్వాత క్లాసులో పిల్లలు జవాబు చెబుతుంటే నోరు కదలడం కనిపించేది, మాట సగమే అందేది. "గట్టిగా చెప్పు నాన్నా" అనేదాన్ని. వాడు గట్టిగా చెప్పేవాడు. క్లాసంతా నవ్వేది. ఎందుకు నవ్వారో తెలిసేది కాదు. నేనూ నవ్వేసి బోర్డు వైపు తిరిగేదాన్ని. బోర్డు వైపు తిరిగాక వెనక ఏం జరుగుతోందో ఇంకసలే తెలిసేది కాదు.

ఇంట్లో జాయిస్ స్టవ్ ముందు నిలబడి, అటే తిరిగి ఏదో అనేది.

"ఏంటి?" అనేదాన్ని.

మళ్లీ అనేది. నాకు మళ్లీ అందేది కాదు.

"ఏంటే, ఇటు తిరిగి చెప్పు."

"ఏం లేదులే అమ్మా."

అది కోపం కాదు, విసుగు కూడా కాదు. కాలేజీ నుంచి అలిసిపోయి వచ్చిన పిల్ల ఒక చిన్న మాటని మూడోసారి చెప్పడానికి బద్ధకించింది, అంతే. కానీ ఒక ఇంట్లో రోజంతా నడిచే మాటలన్నీ చిన్న మాటలే. వాటిని ఒక్కొక్కటిగా తీసేస్తే మిగిలేది అన్నం తిన్నావా, తలుపేశావా, అంతవరకే. సంక్రాంతి దగ్గరికొచ్చేసరికి మా ఇంట్లో నాతో ఎవరూ అవసరం లేని మాట మాట్లాడటం లేదని గమనించాను. అది గమనించిన రోజున నాకు మొదటిసారి భయం వేసింది.

జనవరిలో తోటలు పూతకొచ్చాయి. చెట్టు కింద నిలబడితే తేనెటీగల మోత జుమ్మని వినపడింది. ఎన్నాళ్లకో ఒక శబ్దం నిండుగా అందిందని సంతోషపడ్డాను. తోట దాటి రోడ్డెక్కాను, మోత ఆగలేదు. బండెక్కాను, ఆగలేదు. ఇంటికొచ్చి గదిలో తలుపేసుకుని కూర్చున్నా అదే మోత. అది పూతలోది కాదు, నా తలలోదే.

అప్పుడు మా ఆయన నన్ను విజయవాడలో చెవి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లారు. నన్ను హాల్లో కూర్చోబెట్టి, బండి పెట్టిన చోటు సరిగా లేదంటూ మళ్లీ బయటికి వెళ్లారు. అక్కడ పేర్లు పిలుస్తారు. చెవి ఆసుపత్రిలో కూడా పేర్లు నోటితోనే పిలుస్తారు. మాస్కు పెట్టుకున్న అమ్మాయి తలుపు దగ్గరికి వచ్చి ఏదో అనేది, ఎవరో ఒకరు లేచేవారు. నేను అందరి మొహాలూ చూస్తూ కూర్చున్నాను. ఎవరూ లేవకపోతే అది నా పేరేమో అనుకుని సగం లేచేదాన్ని. ఈలోగా ఎవరో లేచేవారు, నేను చీర సర్దుకుంటున్నట్టు నటించి కూర్చునేదాన్ని. పక్కన ఒక ముసలావిడ ఉంది. ఆవిడ చెవికి దూది పెట్టుకుంది. చాలాసేపు నన్ను చూసి నా చెయ్యి పట్టుకుని, తన వేలితో నా అరచేతిలో ప్రశ్న గుర్తు గీసింది. నా పేరు చెప్పాను. ఆవిడ వెంట వచ్చిన మనవరాలు తలుపు దగ్గరికి వెళ్లి అడిగొచ్చింది. నన్ను రెండుసార్లు పిలిచేశారట.

ఈలోగా మా ఆయన తిరిగొచ్చారు, కలిసి లోపలికి వెళ్లాం. డాక్టరు మాస్కు పెట్టుకునే ఉన్నాడు. పరీక్షలు చేసి, కాగితం చూసి, మా ఆయన వైపు తిరిగి మాట్లాడాడు. చాలాసేపు మాట్లాడాడు. మా ఆయన మొహం చూస్తూ అర్థం చేసుకుందామనుకున్నాను. ఆయన మొహంలో ఏమీ కనిపించలేదు. బయటికొచ్చాక నా ఎదురుగా నిలబడి గట్టిగా చెప్పారు.

"నరం కొంచెం నీరసపడిందంట. మందులు వాడితే చూద్దాం అన్నాడు."

"అంతేనా?"

"అంతే."

అంతసేపు మాట్లాడిన దానికి ఇంతేనా అని నా లోపల ఒక మాట పుట్టింది. ఆ తర్వాత జరిగిన వాటన్నిటికీ అదే మొదలు.

మందులు వాడాను. ఏమీ మారలేదు. మా ఆయన ఫోను రాగానే బయటికి వెళ్లి మాట్లాడేవారు. మా ఇంట్లో సిగ్నలు సరిగా రాదు, ఎప్పుడూ బయటికే వెళ్లి మాట్లాడతారు. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసి కూడా కిటికీలోంచి ఆయన పెదాలు చూసేదాన్ని. జాయిస్, ఆయన కలిసి నవ్వుకుంటే నా గురించే అనిపించేది. నేను గదిలోకి రాగానే వాళ్లు ఆపేవారు. నన్ను కూడా మాటల్లో కలుపుకోవాలని ఆపేవారని ఇప్పుడు నమ్ముతున్నాను. అప్పుడు నమ్మలేదు.

ఫిబ్రవరిలో స్కూల్లో కరస్పాండెంట్ గారు నన్ను తన గదికి పిలిపించారు. ఆయన మెత్తగా మాట్లాడే మనిషి. పైన ఏసీ మోగుతోంది. ఆయన ఏదో చెబుతున్నారు, నవ్వుతున్నారు, మధ్యలో చేతులు జోడించారు కూడా. మళ్లీ చెప్పమని అడగడానికి నాకు మొహం చెల్లలేదు. అప్పటికే ఆయన్ని రెండుసార్లు అడిగాను. తల ఊపాను. "సరేనండీ" అన్నాను. ఆయన తేలికపడినట్టు కనిపించారు.

తర్వాతి వారం స్టాఫ్ రూములో సోషల్ టీచరు నా భుజం మీద చెయ్యి వేసి, నా మొహంలోకి చూస్తూ అంది.

"జూన్ నుంచి రెస్టు తీసుకుంటానన్నారంట కదండీ. మీరే ఒప్పుకోవడం మంచిదైందండీ. గౌరవంగా ఉంటుంది."

నా ఉద్యోగానికి నేనే తల ఊపి వచ్చాను. వెళ్లి అడగొచ్చు. నాకు వినపడలేదండీ అని చెప్పొచ్చు. కానీ ఆ ఒక్క మాట నోట్లోంచి రాలేదు. వినపడలేదు అని ఒప్పుకోవడం కన్నా ఉద్యోగం పోవడమే సులువనిపించింది. ఆ వయసులో, ఆ చదువుతో, అలా అనిపించిందంటే నా పరిస్థితి ఎక్కడికొచ్చిందో మీకే అర్థమవుతుంది. పరీక్షలు అయ్యేదాకా కూడా ఆగకుండా సెలవు పెట్టేశాను.

ఆదివారం గుడికి, అంటే మా చర్చికి, వెళ్లడం కూడా మానేశాను. అందరూ కలిసి పాడుతుంటే నాకు అది రేకుల మీద వాన పడ్డట్టుండేది.

మార్చిలో కాయలు పిందె దాటాక మా ఆయన తోటలోనే ఉంటారు. ఆగిరిపల్లి అవతల, రోడ్డుకి లోపలగా పెద్ద తోట. చిన్న రసాలు, బంగినపల్లి, గట్టు పొడుగునా కలెక్టరు కాయ. మధ్యలో రేకుల షెడ్డు. నేనూ వస్తానన్నాను. ఆయన సంతోషించారు. గాలి మారితే మంచిదనుకున్నారు. నేను వెళ్లింది గాలి కోసం కాదు. చెట్లు మాట్లాడవు, వాటికి జవాబు చెప్పక్కర్లేదు, అందుకని వెళ్లాను.

అక్కడ కాయలకి కాగితం కవర్లు కట్టడానికి ఆడకూలీలు వచ్చేవారు. వాళ్లలో నాగమణి అని ఒకామె. నా వయసే ఉంటుంది. భర్త పోయాడు, కూతురి పెళ్లి చేసింది, పక్క ఊళ్లో ఒక్కతే ఉంటుంది. ఆమె నాతో మాట్లాడాలంటే దూరం నుంచి కేకెయ్యదు. దగ్గరికొచ్చి, ఎదురుగా నిలబడి, అప్పుడు నోరు తెరుస్తుంది. అలా చెయ్యమని ఎవరూ చెప్పలేదు. నేను పలకడం లేదని అలా అలవాటు చేసుకుంది.

ఒక రోజు పొద్దున చిన్న రసం చెట్టు కింద నిలబడి ఉండగా నాకు పాట వినపడింది. వినపడింది అంటే మామూలుగా కాదు, స్పష్టంగా, చాలా నెలలుగా ఏదీ వినపడనంత స్పష్టంగా. మాటలు తెలియడం లేదు, రాగం మాత్రమే. కానీ ఆ గొంతు మా అమ్మది. మా అమ్మ ఊరి గుడిలో పాట ఎత్తుకునే మనిషి. ఆవిడ పోయి చాలా కాలమైంది.

చుట్టూ చూశాను. నాగమణి రెండు చెట్ల అవతల నిచ్చెన మీద ఉంది. దగ్గరికి వెళ్లి అడిగాను.

"ఎవరన్నా పాడుతున్నారా?"

ఆమె కిందికి దిగి వచ్చి చెప్పింది. "ఎవరూ లేరండీ టీచరమ్మగారూ. సెల్లులో పాటలు కూడా పెట్టలేదివాళ. ఏంటండీ, ఏమన్నా వినపడిందా?"

"లేదు" అన్నాను.

మా చినతాత ఒకాయన గాలితో మాట్లాడేవాడని, ఆయన్ని వెనక గదిలో ఉంచి అన్నం పళ్లెం లోపలికి తోసేవారని చిన్నప్పుడు పెద్దవాళ్లు చెప్పుకోగా విన్నాను. ఆ గది తలుపు నాకు గుర్తొచ్చింది. ఈ సంగతి ఎవరికీ చెప్పకూడదని అక్కడే నిర్ణయించుకున్నాను.

మీకు వింతగా ఉండొచ్చు, కొన్ని రోజులకి ఆ పాట కోసం ఎదురుచూడటం మొదలుపెట్టాను. మనుషులు దగ్గరుంటే అది వచ్చేది కాదు. అందుకని మనుషుల్ని తప్పించుకునేదాన్ని. మా ఆయన అన్నానికి పిలుస్తారని ముందే తినేసి లోపలి వరసల్లోకి వెళ్లిపోయేదాన్ని. జాయిస్ ఆదివారాలు తోటకి వచ్చి నా పక్కన కూర్చుంటే, ఎప్పుడు వెళ్తుందా అని చూసేదాన్ని. కన్నబిడ్డ పక్కన కూర్చుని లేని గొంతు కోసం కాచుక్కూర్చున్నాను. ఒంటరితనం అంటే మనుషులు లేకపోవడం అని నేననుకునేదాన్ని. మనుషులు ఉండగానే వాళ్లు అక్కర్లేదనిపించే దశ ఒకటుంది. అందులో ఏడుపు రాదు, బెంగ ఉండదు, హాయిగా కూడా ఉంటుంది. అదే అన్నిటికన్నా ప్రమాదమైన దశ.

ఏప్రిల్ వచ్చేసరికి ఆ పాట మారిపోయింది. ఒక గొంతు పోయి చాలా గొంతులయ్యాయి. రాగం చెదిరిపోయి గుసగుసల్లా వినపడేవి. నా వెనకే ఎవరో ఇద్దరు మాట్లాడుకుంటున్నట్టుండేది. తిరిగితే ఎవరూ ఉండరు. మాటలు తెలిసేవి కావు గానీ మధ్యలో నా పేరు మాత్రం తెలిసేది. షెడ్డులో మా ఆయన ఫోను మాట్లాడుతుంటే ఆ గుసగుస కూడా దానితో కలిసిపోయేది. ఏది ఆయనది, ఏది నా తలలోది, విడదీయలేకపోయేదాన్ని. ఆయన చేత్తో ఇచ్చిన మాత్రలు మింగినట్టు నటించి, ఆయన వెళ్లాక చెట్ల మొదట్లో పారేసేదాన్ని.

కోత మొదలైంది. ట్రాక్టర్లు, ట్రేలు, మనుషులు. ఆ సందడికి దూరంగా నేను గట్టు వైపు వరసల్లో ఉండేదాన్ని.

మే నెల మొదట్లో ఒక మధ్యాహ్నం ఉక్కగా ఉంది. ఆకు కదలడం లేదు. నేను మైలవరం వైపు నుంచి లేస్తున్న మబ్బుకి వీపు పెట్టి ఒక పెద్ద చెట్టు కింద కూర్చున్నాను. గొంతులు వచ్చాయి. ఆ రోజు గుసగుస కాదు, పాటే. మా ఊరి గుడి నిండా జనం నిలబడి పాడుతున్నట్టు, అంతకంతకూ పెరుగుతూ. నాకు కళ్లనీళ్లు వచ్చాయి. అమ్మ తిరిగొచ్చిందనుకున్నాను.

అది గాలి. నాకు మిగిలిన కాస్త వినికిడికి అందిన ఆ గాలి హోరునే నా తల పాటగా మార్చింది.

ముందు కాయలు రాలాయి. నా చుట్టూ పడుతున్నాయి, చప్పుడు లేదు. కాయ నేలకి తగలడం అరికాళ్లకి తెలుస్తోంది, చెవికి తెలియడం లేదు. కాగితం కవర్లతో సహా రాలిపడుతున్నాయి. మబ్బుకి చీకటి కమ్మింది. ఇదంతా చూస్తూనే కూర్చున్నాను. లేవాలని తోచలేదు. ఎవరో నా జబ్బ పట్టి లాగారు. నాగమణి. నోరు పూర్తిగా తెరిచి అరుస్తోంది, ఒక్క మాట అందలేదు. నన్ను ముందుకి తోసింది. నేను బోర్లా పడ్డాను. తిరిగి చూసేసరికి కొమ్మ పడి ఉంది, దాని కింద నాగమణి చీర కనిపించింది.

దేవుడి దయ, కొమ్మ బరువంతా ఆమె మీద పడలేదు. భుజం ఎముక విరిగింది. మా ఆయన, ఇంకో ఇద్దరు కలిసి ఆమెని ట్రాక్టరు మీద రోడ్డుదాకా, అక్కణ్నుంచి ఆటోలో నూజివీడు ఆసుపత్రికి తీసుకొచ్చారు. నేనూ ఆ వెనకాలే. అందరూ నేను షెడ్డులో ఉన్నాననుకున్నారట. నేను లేనని చూసినది నాగమణి ఒక్కతే.

ఆసుపత్రి వరండాలో బెంచీ మీద మా ఆయన, నేను తడిసిన బట్టలతో కూర్చున్నాం. ఆయన నా వైపు తిరిగి, నెమ్మదిగా, నాకు అర్థమయ్యేలా అడిగారు.

"అంత గాలిలో ఎందుకు కూర్చున్నావు కరుణా?"

చెప్పేశాను. అమ్మ పాట, గొంతులు, నా పేరు, పారేసిన మాత్రలు, చినతాత గది, అన్నీ. చెబుతూ ఆయన మొహం చూడలేదు. చూస్తే ఆగిపోతానని తెలుసు.

ఆయన నా గడ్డం పట్టుకుని తన వైపు తిప్పుకున్నారు.

"ఆ డాక్టరు ఆ రోజే చెప్పాడు. ఇక రాదంట. ఉన్నది కూడా తగ్గొచ్చంట. చెవికి మిషన్ పెట్టించమన్నాడు. నువ్వు తట్టుకోలేవని మందులన్నాను. ఆ మాత్రలు ఒట్టి బలానికి."

నేను అనుమానించినదే నిజం, ఆయన దాచారు. కానీ నేను అనుమానించిన కారణం నిజం కాదు. నాకు కోపం రావాలి, రాలేదు. ఎన్ని నెలల తర్వాతో ఒక మనిషి నాతో ఒక పూర్తి మాట చెప్పాడు, దాన్ని నేను మొదటి నుంచి చివరిదాకా అందుకున్నాను. అదొక్కటే తెలిసింది.

నాగమణికి కట్టు కట్టాక లోపలికి వెళ్లాను. ఆమె కాళ్ల దగ్గర కూర్చున్నాను. ఆమే అంది.

"నేనొచ్చేసరికి మీరు పాడుతున్నారండీ."

"నేనా?"

"మీరే. గట్టిగా. కళ్లు మూసుకుని పాడుతున్నారు. నాకు భయమేసిందండీ."

నేను నోరు తెరిచినట్టు నాకు తెలియదు. ఇప్పటికీ తెలియదు.

జూన్‌లో మళ్లీ విజయవాడ వెళ్లాం. ఈసారి జాయిస్ కూడా వచ్చింది. లోపలికి వెళ్లగానే చెప్పాను. "డాక్టరు గారూ, మీరు మాస్కు తీసి నాతో మాట్లాడండి. ఆయనతో కాదు." డాక్టరు కొంచెం ఇబ్బంది పడి మాస్కు కిందికి దించాడు. పాట సంగతి అంతా చెప్పాను. ఆయన ఆశ్చర్యపోలేదు.

"వినికిడి తగ్గినవాళ్లలో కొంతమందికి ఇలా జరుగుతుందమ్మా. బయటి నుంచి చప్పుడు అందకపోతే మెదడు దాచుకున్నదాన్ని తీసి వినిపిస్తుంది. పిచ్చి కాదు. గొంతులు మాటలుగా మారితే మాత్రం ఇంకో డాక్టరుకి కూడా చూపిస్తే మంచిది. భయపడకండి, దాచకండి."

ఆ ఇంకో డాక్టరు దగ్గరికి కూడా వెళ్లాను. ఆ మానసిక వైద్యుల వార్డు ముందు కూర్చోవడానికి సిగ్గుపడ్డాను. జాయిస్ నా చెయ్యి వదల్లేదు. బయట చెట్టు కింద నిలబడి అడిగింది.

"నాకెందుకు చెప్పలేదమ్మా? నువ్వు తల ఊపుతుంటే వినపడుతోందనుకున్నాను."

"వినపడుతోందని నువ్వు అనుకోవాలనే ఊపాను."

అది ఏడ్చింది. నేను ఏడవలేదు. నాకు ఆ రోజు చాలా పని ఉన్నట్టనిపించింది.

మిషన్ పెట్టారు. మిషన్ పెట్టగానే లోకమంతా తిరిగొస్తుందని ఎవరూ అనుకోవద్దు. మొదట గిన్నెల చప్పుడు, కాగితం నలిపిన చప్పుడు, బస్సు హారను, అన్నీ ఒకే ఎత్తున తల మీద పడ్డాయి. తీసి బల్ల మీద విసిరేసిన రోజులున్నాయి. మళ్లీ పెట్టుకున్నాను. ఎడమ చెవిలో దాదాపు ఏమీ లేదు. కుడి చెవి ఎంతకాలం ఉంటుందో చెప్పలేమన్నారు. అది కూడా పోయే రోజు ఒకటి ముందుందని నాకు తెలుసు. పొద్దున లేవగానే ముందు ఆ చెవిని చూసుకుంటాను, ఉందా అని. రోజూ ఆ ఒక్క క్షణం భయంగానే ఉంటుంది.

గొంతులు చాలావరకు తగ్గాయి. మా ఆయన, జాయిస్ ఇప్పుడు నా ఎదురుగా కూర్చుని మాట్లాడతారు. మరిచిపోతుంటారు, నేను గుర్తుచేస్తాను, విసుక్కుంటారు, మళ్లీ చెబుతారు. ఆ విసుగు నాకు బాధగా లేదు. విసుక్కుంటున్నారంటే నాతో మాట్లాడుతున్నారనే. స్కూలుకి మళ్లీ వెళ్లలేదు. కొద్దిమంది పిల్లలు ఇంటికి వస్తారు, వాళ్లకి లెక్కలు చెబుతున్నాను. మీ ఇంట్లో ఎవరైనా ఈ మధ్య మరీ తొందరగా తల ఊపుతున్నారా, ఒకసారి చూడండి.

వర్షాలు పడ్డాక నాగమణి మా ఇంటికి వచ్చింది. కట్టు తీసేశారు. చెయ్యి భుజం పైకి లేవడం లేదు, ఇక నిచ్చెన ఎక్కలేనంది. ఆ మాట మామూలుగా అంది. నేనే తల దించుకున్నాను. ఆమె నా మోకాలు తట్టి నన్ను తల ఎత్తించింది.

"ఇప్పుడు కూడా వినపడతన్నాయా అమ్మా, ఆ పాటలు?"

"అప్పుడప్పుడు. ఒక్కదాన్నే ఉంటే."

"అయితే నేను కూర్చుంటాలెండి. నాకూ ఇంట్లో ఎవరున్నారు."

జాయిస్ టీ తెచ్చింది. నాగమణి కూతురి కాపురం గురించి, ఊళ్లో కుక్కల గురించి, భర్త పోయిన కొత్తలో ఇంట్లో దగ్గు వినపడి లేచి మంచినీళ్లు ఇవ్వబోయిన సంగతి గురించి, ఒకటా రెండా, చెబుతూనే ఉంది. బయట వాన మొదలైంది. వాన చప్పుడులో నా మిషన్ సరిగా పనిచెయ్యదు. ఆమె చెప్పినదాంట్లో సగమే అందింది. మిగతా సగం మళ్లీ చెప్పమని అడిగాను.